ఐదో మనిషి నీళ్లు పోసుకునేటప్పుడు

(తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్ నివాసుల ఆదివారం సమావేశంలో, అక్కడే ఉంటున్న ఓ రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గ్యాస్ గీజర్ల గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. లిఫ్టు దగ్గర నోటీసు బోర్డులో "గ్యాస్ భద్రత" అని రాశారు. సిలిండర్ లీకుల గురించి చెబుతానని చాలామంది అనుకుని వచ్చినట్టున్నారు. ఆ సంగతి గ్యాస్ ఏజెన్సీ వాళ్లు ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. నేను చెప్పబోయేది లీకు లేని ఇంట్లో, మంట బాగానే మండుతున్న ఇంట్లో, ఏ వాసనా రాకుండా మనిషిని పడేసే దాని గురించి. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్.

ఈ పేరు నేను 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోర్డు మీద రాశాను. కార్బన్‌కు ఆక్సిజన్ సరిపడా దొరికితే డయాక్సైడ్, దొరక్కపోతే మోనాక్సైడ్. రెండు మార్కుల ప్రశ్న. అది మా ఇంట్లోకే వచ్చిన రోజున మాత్రం నేను గుర్తుపట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. సెక్రటరీ గారిని అడిగి మరీ ఈ అరగంట తీసుకున్నది అందుకే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు మేం కపిలతీర్థం రోడ్డు వైపు అద్దెకుండేవాళ్లం. ధనుర్మాసం. మా అక్క, బావ, వాళ్ల పిల్లలు పలమనేరు నుంచి దర్శనానికి వచ్చారు. తిరుపతిలో ఇల్లున్న వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నెలకు ఒక్కసారైనా ఎవరో ఒకరు వస్తారు, హాల్లో చాపలు పడతాయి, రాత్రి పదకొండింటి దాకా కబుర్లు, మళ్లీ తెల్లారకముందే అలిపిరి చేరాలని పరుగు. ఆ రోజు రెండున్నరకు లేచాం. మొత్తం ఏడుగురం, బాత్‌రూమ్ ఒక్కటే. ఒకరు బయటికి రాగానే ఇంకొకరు లోపలికి. వెచ్చదనం పోతుందని తలుపు వెంటనే వేసేసుకోవడం.

ఆ బాత్‌రూమ్‌లో గోడకు గ్యాస్ గీజర్ ఉండేది. వెంటిలేటర్ ఉంది కానీ దానికి ఒక ప్లాస్టిక్ షీటు స్క్రూలతో బిగించి ఉండేది. కొండ పక్కన ఇల్లు, కోతుల బెడద. ఒకసారి ఆ సందులోంచి చేయి పెట్టి సబ్బుపెట్టె ఎత్తుకెళ్లింది. అప్పటి నుంచి మూసేశాం. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నాలుగోవాడు మా బావ. ఆయన బయటికొచ్చి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, "ఏమోరా, తల దిమ్ముగా ఉంది" అని సోఫాలో కూలబడ్డాడు. నిద్ర చాల్లేదులే బావా అని నేనే కాఫీ తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు ఆ క్షణం గుర్తొస్తే చేతులు వణుకుతాయి. ఆయన చెప్పింది హెచ్చరిక. నేను దానికి కాఫీ ఇచ్చాను.

ఐదో మనిషి మా మేనకోడలు. పందొమ్మిదేళ్ల పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం. దర్శనానికి కదా, తలకు పోసుకుంటానంది. పొడుగు జడ, ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు పడుతుంది. కుళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కాసేపటికి మా అక్క వెళ్లి "అయిందా పాపా?" అని తట్టింది. జవాబు లేదు. మళ్లీ తట్టింది. గట్టిగా పిలిచింది. లోపల నీళ్లు పొర్లుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి గడియ పగలగొట్టాను. తలుపు లోపలికి తెరుచుకునేది. పిల్ల తలుపుకు అడ్డంగా పడి ఉంది, సగానికి మించి తెరుచుకోదు. మా ఆవిడ సన్నటి మనిషి కాబట్టి ఎలాగో దూరి, దుప్పటి కప్పి పక్కకు జరిపింది. బక్కెట్టు నిండి పారుతోంది. గీజర్ ముందు చిన్న కిటికీ ఉంటుంది చూడండి, అందులో మంట ఇంకా మండుతోంది. కొసలు పసుపుగా ఊగుతున్నాయి. ముప్పై ఏళ్లు బున్‌సెన్ బర్నర్ ముందు నిలబడిన నా కళ్లు ఆ పసుపును చూశాయి. అది ఏం చెబుతోందో ఆ కంగారులో నా బుర్రకు ఎక్కలేదు.

మొహాన నీళ్లు చల్లాం. ఉపవాసమని నీరసం అన్నారు ఒకరు. ఆవిరికి కళ్లు తిరిగి ఉంటాయన్నారు ఇంకొకరు. అక్క నిమ్మకాయ నీళ్లు కలపడానికి పరిగెత్తింది. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అదృష్టం, పోయలేదు. కారులో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాం.

అక్కడ వేలికి క్లిప్పు పెట్టారు. కరోనా అప్పుడు మనందరం కొన్నామే, అదే. 98 చూపించింది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంది, బీపీ డౌన్ అయినట్టుంది, సెలైన్ పెడదాం" అన్నాడు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు. ఆయన ఏదో నిర్లక్ష్యం చేశాడని నేను అనడం లేదు. ఆ క్లిప్పు ఆయనకు అబద్ధం చెప్పింది, ఎలాగో ఇప్పుడే చెబుతాను. అక్కడ ఒక పెద్ద వయసు నర్సమ్మ ఉంది. "ఎక్కడ పడిందమ్మా?" అనడిగింది. బాత్‌రూమ్‌లో అన్నాం. "గ్యాస్ గీజరా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో నాకు తల మీద దెబ్బ పడినట్టయింది. క్లాసులో రాసిందంతా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. వెంటనే మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇచ్చారు, రక్తపరీక్షకు పంపారు. పిల్ల ఓ రెండు గంటలకు కళ్లు తెరిచింది.

బతికింది. కానీ అంతటితో అయిపోలేదు. ఆ తరవాత చాలా వారాలు చెప్పిన మాటే మళ్లీ అడిగేది. ఫోను ఎక్కడ పెట్టిందో గుర్తుండేది కాదు. పుస్తకం తెరిస్తే ఒక పేజీ దాటేది కాదు, ఆ సెమిస్టర్ పరీక్షలు రాయలేకపోయింది. ఈ విషం తగిలి కోలుకున్న వాళ్లలో కొందరికి, బాగైపోయారని అనుకున్నాక కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మతిమరుపు, నడకలో తేడా, స్వభావంలో మార్పు రావచ్చు. అందుకే ఒకసారి ఇంటికొచ్చేశాం కదా అని వదిలేయకుండా మళ్లీ చూపించుకోవాలి. మా పాప మామూలు మనిషి కావడానికి ఆర్నెల్లు పట్టింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్లింట్లో గ్యాస్ గీజర్ లేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. మనకు గ్యాస్ అంటే వాసన. చిన్నప్పటి నుంచి "గ్యాస్ వాసన వస్తోంది, చూడు" అని వింటూ పెరిగాం. అసలు వంటగ్యాస్‌కు చెప్పుకోదగ్గ వాసనేమీ ఉండదు. లీకైతే తెలియాలని కంపెనీలే మెర్‌కాప్టన్ అనే కంపుకొట్టే పదార్థాన్ని కలుపుతాయి. మంటలో ఆ మెర్‌కాప్టన్ కూడా కాలిపోతుంది. కాలిన తరవాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన ముక్కుకు ఇంతకాలం నేర్పిన పాఠం ఇక్కడ పనికిరాదు. వాసన రావడం లేదు కాబట్టి అంతా బాగుందని అనుకుంటాం. ప్రమాదం అంతా ఆ అనుకోవడంలోనే ఉంది.

ఒంట్లో ఏం చేస్తుంది? మన రక్తంలో హిమోగ్లోబిన్ ఉంది, ఆక్సిజన్‌ను మోసే బండి అనుకోండి. కార్బన్ మోనాక్సైడ్ ఆ బండికి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అందులో కార్బన్ మోనాక్సైడ్ 0.1 శాతం, అంటే వెయ్యిలో ఒక్క పాలు ఉందనుకోండి. 21ని 0.1తో భాగిస్తే 210. అంటే ఆక్సిజన్ 210 రెట్లు ఎక్కువ ఉంది, ఇది 210 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది, లెక్క సమానం. ఆ గాలి అలాగే పీలుస్తూ పోతే చివరికి రక్తంలో సగం బండ్లు దీని చేతిలోకి పోతాయి. మిగిలిన సగం కూడా తాము మోస్తున్న ఆక్సిజన్‌ను ఒంటికి సరిగా వదలవు, బిగపట్టుకుంటాయి. ఈ లెక్క నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. మార్కుల కోసం చెప్పాను.

ఆ వేలి క్లిప్పు సంగతి. అది వేలి గుండా వెలుతురు పంపి రక్తం ఎంత ఎర్రగా ఉందో చూస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. మామూలు క్లిప్పుకు రెండింటికీ తేడా తెలియదు. మనిషికి ఆక్సిజన్ అందకపోయినా 98 అంటుంది. కాబట్టి ఇంట్లో ఆ క్లిప్పు పెట్టుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ అని వేరే పరీక్ష ఉంది. అది చేయాలని డాక్టరుకు తట్టాలంటే, పడిపోయింది గ్యాస్ గీజర్ ఉన్న గదిలో అని మనం చెప్పాలి. మనం చెప్పకపోతే ఫిట్స్ అనుకోవచ్చు. కొందరికి నిజంగానే ఫిట్స్‌లా కొట్టుకుంటాయి కూడా. మన దక్షిణాదిలో తల మీద వేడినీళ్లు పోసుకుంటే ఫిట్స్ వచ్చే జబ్బు ఒకటి వేరే ఉంది. ఆ రెండూ కలగాపులగం అయి, గీజర్ చేసిన పనికి ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగే పరిస్థితి రాకూడదు.

పిల్ల ఎందుకు అరవలేదు, ఎందుకు తలుపు తీసుకుని బయటికి రాలేదు? మా అక్క నన్ను ఇదే అడిగేది. దీనికి ఊపిరాడకపోవడం అనే అనుభూతే ఉండదు. మొదట తల దిమ్మెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది, తరవాత కాళ్లలో సత్తువ పోతుంది. అదే సమయంలో బుర్ర కూడా మందగిస్తుంది. బయటికి పోవాలన్న ఆలోచన వచ్చేటప్పటికి లేచే శక్తి ఉండదు. స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో ఈ గ్యాస్‌ను తన మీదే ప్రయోగించి పీల్చి చూశాడు. బొగ్గు గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు చాలామంది కాలిన గాయాలతో కాదు, ఈ వాయువు వల్లే చనిపోతున్నారని తేల్చిన మనిషి ఆయన. గనిలోకి చిన్న పిట్టను పంజరంలో తీసుకెళ్లమన్నదీ ఆయనే. పిట్ట మనిషి కంటే ముందే తూలిపోతుంది కాబట్టి. బ్రిటన్ గనుల్లో ఆ కానరీ పిట్టలను 1986 దాకా వాడారు. మన సింగరేణి గనుల్లో దీన్ని పరికరాలతో కొలుస్తూనే ఉంటారు. అంత లోతున పనిచేసే కార్మికుడికి ఆ జాగ్రత్త ఉంది. మన బాత్‌రూమ్‌లో పిల్లకు లేదు.

ఇప్పుడు ఐదో మనిషి లెక్క. ఇది కాస్త ఓపిగ్గా వినండి. మన ఫ్లాట్లలో బాత్‌రూమ్ ఎంత ఉంటుంది? 5 అడుగులు, 6 అడుగులు, ఎత్తు 8. అంటే 240 ఘనపుటడుగుల గాలి. నిమిషానికి 6 లీటర్ల నీళ్లిచ్చే గీజర్ పూర్తి మంట మీద గంటకు కేజీకి కాస్త తక్కువ గ్యాస్ కాలుస్తుంది. 14.2 కేజీల సిలిండర్‌ను ఆపకుండా నడిపితే పదిహేను గంటల్లో ఖాళీ చేస్తుంది. ఐదారు పొయ్యిలు ఒకేసారి పెద్ద మంట మీద పెట్టి బాత్‌రూమ్‌లో కూర్చుంటామా? కూర్చోం. గీజర్ చూడ్డానికి గోడ మీద తెల్లటి చిన్న డబ్బా కాబట్టి కూర్చుంటున్నాం.

కేజీ గ్యాస్ పూర్తిగా కాలాలంటే 400 ఘనపుటడుగులకు పైగా గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి అరవై పైచిలుకు. అంటే గదిలోని గాలిలో నాలుగో వంతు. తలుపు సందులోంచి కొంత కొత్త గాలి వస్తుంది, నిజమే. కానీ కాలిపోయిన గాలి ఎక్కడికి పోతుంది? ఆ డబ్బా పైన సందులున్నాయి, అందులోంచి మళ్లీ గదిలోకే వస్తుంది. మొదటి మనిషి స్నానం చేసినప్పుడు మంటకు మంచి గాలి దొరికింది, ఏమీ కాలేదు. రెండో మనిషికి కొంచెం పాడైన గాలి. ఆక్సిజన్ 21 నుంచి 18కి దిగేసరికి మంట సరిగా కాలడం మానేస్తుంది. అక్కడి నుంచి కార్బన్ మోనాక్సైడ్ కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా పెరుగుతుంది. మూడో మనిషి, నాలుగో మనిషి. మా బావ తల దిమ్ము అన్నది అక్కడ. ఐదో మనిషి తలకు పోసుకునే మనిషి, ఎక్కువసేపు లోపలుండే మనిషి.

"ఐదేళ్లుగా వాడుతున్నాం, మాకేం కాలేదు" అని ఇక్కడ కూర్చున్న వాళ్లలో కొందరు అనుకుంటున్నారు. మీ ఇంట్లో ముగ్గురే ఉండి ఉంటారు. ఎండాకాలంలో తలుపు సందు పెట్టుకుని చేసి ఉంటారు. ధనుర్మాసంలో, చలికి అన్నీ బిగించుకున్న రోజు, చుట్టాలు ఆరుగురు వచ్చిన రోజు అదే గీజర్ వేరేగా ప్రవర్తిస్తుంది. తిరుపతిలో ఆ రోజు ప్రతి ఇంటికీ వస్తుంది. అందుకే ఈ మాట వేరే ఊళ్లో కంటే ఇక్కడ గట్టిగా చెప్పాలని నాకు.

మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో వేన్నీళ్ల పొయ్యి పెరట్లో ఉండేది. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మూడు రాళ్లు, మసిబారిన రాగి అండా, చెరుకుపిప్పి, కొబ్బరిమట్టలు. నీళ్లు కాగాక చెంబుతో బక్కెట్లో తోడుకుని, బరువుగా మోసుకుంటూ స్నానాల గదికి తెచ్చేవాళ్లు. పొయ్యి ఆరుబయట, నీళ్లు మాత్రం లోపలికి. వాళ్లకు కార్బన్ మోనాక్సైడ్ పేరు తెలియదు, కానీ నిప్పును స్నానాల గదిలో పెట్టలేదు. మనం ఆ బక్కెట్టు మోసే కష్టం తప్పించుకుందామని నిప్పునే లోపలికి తెచ్చుకున్నాం. నేను అడిగేది ఒక్కటే: నిప్పును మళ్లీ బయట పెట్టండి. నీళ్లు పైపులో లోపలికి వస్తాయి, ఇప్పుడు మోయనక్కర్లేదు కూడా.

అంటే గీజర్ బాత్‌రూమ్ బయట, ఆరుబయలు గాలి తగిలే చోట ఉండాలి. మన ఫ్లాట్లలో బట్టలు ఉతికే బాల్కనీ ఉంది, అక్కడ పెట్టొచ్చు. ఆ బాల్కనీని అద్దాలతో మూసేసుకున్న వాళ్లు ఒక అద్దం శాశ్వతంగా తీసేయాలి. పైపులు వెళ్లే డక్టులో పెట్టకండి. ఆ పొగ పై అంతస్తు వాళ్ల వెంటిలేటర్లోంచి లోపలికి పోతుంది, వాళ్లింట్లో గ్యాస్ గీజర్ లేకపోయినా సరే. గీజర్‌తో వచ్చే పుస్తకం ఎప్పుడైనా తెరిచారా? గాలి ఆడని గదిలో బిగించకూడదని అందులో అచ్చేసి ఉంటుంది. మాకు బిగించిన ప్లంబర్ పుస్తకం చూడలేదు. ఇంట్లో లెక్చరర్‌ని, నేనూ చూడలేదు.

బయటికి మార్చేదాకా ఏం చేయాలి? తలుపు బార్లా తీసి పెట్టి, బక్కెట్టు నింపుకుని, గీజర్ ఆపేసి, ఐదు నిమిషాలు ఆగి అప్పుడు లోపలికి వెళ్లండి. లోపల మనిషి ఉన్నప్పుడు మంట ఉండకూడదు. వెంటిలేటర్‌కు ఉన్న షీటు, అట్ట, గుడ్డ అన్నీ తీసేయండి. కోతులకు ఇనుప జాలీ పెట్టండి, గాలికి అడ్డం ఉండదు. దోమల జాలీ ఉంటే నెలకోసారి కడగండి. సబ్బు నురుగు, దుమ్ము పట్టి అది గోడలాగే అయిపోతుంది. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. మా తలుపు ఆ రోజు ఎంతసేపు తిన్నదో నాకు తెలుసు.

(ఒక అక్కయ్య: "మా గీజర్‌కి ఇరవై నిమిషాలకు దానంతట అదే ఆగిపోయే టైమర్ ఉంది సార్. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించాం. ఇంకా భయమా?")

మంచి ప్రశ్న అమ్మా. టైమర్ ఒక్కో స్నానాన్ని లెక్కపెడుతుంది. కుళాయి కట్టి మళ్లీ తిప్పితే మళ్లీ మొదటి నుంచి లెక్క. ఐదుగురు చేసిన సంగతి దానికి తెలియదు. పైగా మూసిన గదిలో పాడవడానికి ఇరవై నిమిషాలు కూడా అక్కర్లేదని ఇందాకటి లెక్కే చెబుతోంది. ఇక ఫ్యాన్. గాలి బయటికి పోవాలంటే లోపలికి రావడానికి దారి ఉండాలి. తలుపు కింద సందు లేకుండా, కిటికీ మూసేసి ఫ్యాన్ వేస్తే అది ఊరికే తిరుగుతుంది. తలుపు కింద నాలుగు వేళ్ల సందు, పైన ఫ్యాన్ ఉంటే కొంత మేలు. కానీ కరెంటు పోతే? గీజర్ బ్యాటరీల మీద నడుస్తుంది, అది ఆగదు. ఫ్యాన్ ఆగిపోతుంది. కాబట్టి ఫ్యాన్‌ను నమ్ముకుని గీజర్ లోపల ఉంచుకోకండి.

(ఇంకొకాయన: "కార్బన్ మోనాక్సైడ్ అలారం అంటున్నారు కదా సార్, అది?")

ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పెట్టుకుంటే చాలా మంచిది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. గ్యాస్ లీకు అలారం వేరు, ఇది వేరు. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, ఆ అలారం కింద పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలి బరువే, అంతటా కలిసిపోతుంది, దాన్ని మనం ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టాలి. బాత్‌రూమ్ తడిలో కాదు, బయట గదిలో. దాని లోపలి సెన్సర్‌కు ఆయుష్షు కొన్నేళ్లే, వెనక తేదీ వేసి ఉంటుంది, ఆ తేదీ దాటితే మార్చేయాలి.

వంటింటి స్టవ్ గురించి రెండు మాటలు. బోకుల అడుగున మసి పడుతోందంటే మంట సరిగా కాలడం లేదని అర్థం. బర్నర్ రంధ్రాలు పిన్నీసుతో శుభ్రం చేసి, ఆరబెట్టి పెట్టండి. అప్పటికీ పసుపు మంటే వస్తే మెకానిక్‌ని పిలవండి. నీలం మంట కూడా పూర్తి పూచీ కాదు, గది మూసి ఉంటే నీలం మంటా ప్రమాదమే. పెళ్లిళ్లప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు పెద్ద అండా స్టవ్ మీద పెట్టి గంటసేపు నీళ్లు కాస్తాం. మంట మొత్తాన్ని ఆ చల్లటి అడుగు కప్పేస్తే అది సగంలోనే చల్లారి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అలా కాసినప్పుడు వంటింటి కిటికీ తీసి ఉంచండి. లాడ్జి గదుల్లో కిటికీలు మూసేసి చిన్న సిలిండర్ పొయ్యి మీద వండుకునే యాత్రికులను మనం చూస్తూనే ఉంటాం. మన వీధిలో కనిపిస్తే ఒక మాట చెప్పండి, కొత్తవాళ్లని ఊరుకోవద్దు.

కుంపటి సంగతి చెప్పకుండా వదిలేయలేను. ఇక్కడ మనవలు, మనవరాళ్లు పుట్టబోయే ఇళ్లున్నాయి. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టడం మన వైపు అలవాటు. బిడ్డకు నీళ్లు పోసి సాంబ్రాణి వేయడం వరకు తలుపులు తీసి చేసుకోండి. ఆ నిప్పులు గదిలోనే వదిలి, తలుపులు మూసి, తల్లీబిడ్డా పడుకోవడం మాత్రం వద్దు. పొగ పోయింది, ఎర్రటి నిప్పులే ఉన్నాయి, ఇంకేం భయం లేదని అనుకుంటారు. ఎర్రటి నిప్పుల మీద సన్నటి నీలి మంట నాట్యమాడుతూ ఉంటుంది, చూశారా? అది కాలుతున్న కార్బన్ మోనాక్సైడే. కాలకుండా తప్పించుకున్నది గదిలో చేరుతుంది. కడుపుతో ఉన్న వాళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. కడుపులో బిడ్డ రక్తం దీన్ని తల్లి రక్తం కంటే గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తల్లికి ఉత్త తలనొప్పే అయినా బిడ్డకు అంతకంటే ఎక్కువ. కడుపుతో ఉన్న అమ్మాయికి గీజర్ స్నానం తరవాత తల దిమ్ము అంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. తలుపు తెరిచాక లోపలే కూర్చుని మొహాన నీళ్లు చల్లొద్దు, మనకూ అదే గాలి. కిటికీలు, తలుపులు తెరిచి, గ్యాస్ ఆపి, మనిషిని బయటికి, గాలిలోకి లాగండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం తెలిసిన వాళ్లు మొదలుపెట్టాలి. 108కి ఫోన్ చేసి గ్యాస్ గీజర్ మాట మొదటే చెప్పండి. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరకే తగ్గుతుంది. అందుకే తేరుకుంది కదా అని ఇంట్లో పడుకోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో మిగతా వాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. మా బావను ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు. వాసన వచ్చే గ్యాస్ లీకుకు 1906 ఉంది, అది వేరే సంగతి, ఆ నంబరూ రాసిపెట్టుకోండి.

(వెనక వరసలోంచి ఒక అబ్బాయి: "మేం అద్దెకున్నాం సార్. ఓనర్ గోడకు బెజ్జం కొట్టనివ్వడు. గీజర్ కూడా ఆయనదే.")

నీ ఫ్లాట్ నంబరు చెప్పు నాయనా. ఆ ఓనర్‌తో నేను మాట్లాడతాను. నేనూ ఆ రోజు అద్దె ఇంట్లోనే ఉన్నాను. ఆయన ఒప్పుకునేదాకా అని బక్కెట్లో కరెంటు రాడ్డు పెట్టి ఇంకో ప్రమాదం కొనుక్కోవద్దు. స్టవ్ మీద నీళ్లు కాచుకుని మోసుకెళ్లండి, పిల్లలు దారిలో లేకుండా చూసుకుని.

సెక్రటరీ గారి దగ్గర లిస్టు ఉంది. మన నాలుగు అంతస్తుల్లో పదకొండు ఫ్లాట్లలో గ్యాస్ గీజర్లున్నాయి, అందులో తొమ్మిది బాత్‌రూమ్‌లోనే. ఈ నెల 16న ధనుర్మాసం మొదలు. రేపు పొద్దున పదింటికి నేనూ, మన ప్లంబరూ నిచ్చెనతో కింద ఉంటాం. మొదట వెంటిలేటర్లకు ఉన్న షీట్లు విప్పుదాం. గీజర్ బయటికి మార్చాలనుకునే వాళ్లు ఈ కాగితం మీద పేరు రాయండి. ముందుగా చుట్టాలు రాబోతున్న ఇళ్లు చూద్దాం.